తువ్వాలు నీళ్ళు తాగాలి: సోలాపూర్ సరుకు సముద్రం దాటాలంటే

ఒక గ్లాసులో నీళ్ళు పోయండి. ప్రాసెస్ పూర్తయి ప్యాకింగ్‌కు సిద్ధంగా ఉన్న తువ్వాలు ఒకటి తీసుకుని, లూపులున్న చోట సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు ముక్క కత్తిరించి నీళ్ళ మీద మెల్లగా వదలండి. అయిదు సెకన్లలోపు మునగడం మొదలైతే సరుకు మంచిదే. అలాగే తేలుతూ ఉంటే మాత్రం దాని బరువు ఎంతున్నా, రంగు ఎంత మెరిసినా అది ఒళ్ళు తుడుచుకోవడానికి పనికిరాదు.

ఈ పరీక్ష జపాన్‌లోని ఇమబారి ఊరివాళ్ళది. షికోకు దీవిలో, ఎహిమే రాష్ట్రంలో ఉంది ఆ ఊరు. అక్కడి బతుకు కూడా తువ్వాళ్ళ మీదే. 1990ల తర్వాత చైనా నుంచి చౌక సరుకు వచ్చిపడటంతో మగ్గాలు వరసగా మూతపడ్డాయి. 2006లో ఊరి తయారీదారులంతా కలిసి డిజైనర్ కాషివా సాటోను పిలిచి, ఎరుపు, నీలం, తెలుపు రంగుల్లో ఒకే గుర్తు పెట్టుకున్నారు. ఆ గుర్తు ఊరి పేరు చూసి ఇవ్వరు, పరీక్షలు నెగ్గిన తువ్వాలుకే ఇస్తారు. అయిదు సెకన్ల నియమం అందులో అందరికీ తెలిసిన భాగం. కొనేవాడు ఇంట్లో తనే చేసి చూసుకోవచ్చు, అందుకే ఆ మాట మీద అంత నమ్మకం.

మహారాష్ట్రలోని సోలాపూర్‌కూ పేరు ఉంది. చద్దర్‌కూ, లూపులుండే టెర్రీ టవల్‌కూ రెండింటికీ జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చి చాలా ఏళ్ళైంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు వైపుల నుంచి తరాల కింద వచ్చి ఊరి తూర్పున ఉన్న పూర్వ భాగ్‌లో స్థిరపడ్డ మన పద్మశాలీల చేతిపని అది. కానీ జీఐ చెప్పేది సరుకు ఎక్కడిదో. సరుకు ఏం చేస్తుందో కాగితం మీద అంకెల్లో రాసి చూపించే అలవాటు మనకు ఇంకా రావాలి. హాంబర్గ్‌లోనో ఒసాకాలోనో ఉన్న కొనుగోలుదారు అడిగేది ఆ అంకెలనే.

ముక్క తేలితే కారణాన్ని సాంచా (మరమగ్గం) దగ్గర వెతకొద్దు. తప్పు దాదాపు ఎప్పుడూ నేశాక ఉడికించి, తెల్లబరిచే ప్రాసెస్‌లోనే ఉంటుంది. మొదటిది గంజి. పడుగుకు పెట్టిన గంజి పూర్తిగా పోకపోతే నూలు మీద పొరలా మిగిలిపోతుంది. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్‌ను నీళ్ళలో కాస్త పలచన చేసి, రంగు లేని చోట ఒక చుక్క వేయండి. నీలం తిరిగితే గంజి మిగిలినట్టే. ఎంజైమ్ వేసిన తొట్టి 60, 70 డిగ్రీల మధ్య నిలిచిందా, లేక పనివాడు బట్ట దింపి వెంటనే తీసేశాడా అని అడగాలి.

రెండోది దూదిలో పుట్టుకతో ఉండే మైనం. దాన్ని తీయాలంటే బట్ట బరువులో రెండు మూడు శాతం కాస్టిక్ సోడా, తడిపే మందు వేసి, మరుగుకు దగ్గరగా గంట, గంటన్నర ఉడకాలి. కరెంటు, కట్టెలు మిగులుతాయని 80 డిగ్రీల దగ్గర ఆపేస్తే మైనం సగం అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఎంత తెల్లగా బ్లీచ్ చేసినా తువ్వాలు నీళ్ళు తాగదు. తెలుపు వేరు, తాగుడు వేరు.

మూడోది సాఫ్ట్‌నర్. షోరూములో చేత్తో పట్టుకోగానే మెత్తగా ఉండాలని సిలికాన్ సాఫ్ట్‌నర్ దండిగా వేస్తారు. అది నూలు చుట్టూ నూనె పొరలా పట్టి నీటిని తోసేస్తుంది. ఉతికేకొద్దీ కొంత తగ్గుతుంది నిజమే, కానీ అప్పటికి కొన్నవాడి అభిప్రాయం ఏర్పడిపోయి ఉంటుంది. నీటిని ఆపని హైడ్రోఫిలిక్ రకం సాఫ్ట్‌నర్లు ఉన్నాయి, కిలోకు ధర ఎక్కువ. ఆ ధర పెట్టాల్సిందేనని నా గట్టి అభిప్రాయం.

నాలుగోది నీళ్ళు. మన నేల దక్కన్ నల్లరాయి, బోరు నీళ్ళు సాధారణంగా కఠినం. ఇమబారి వాళ్ళు తమ నది నీళ్ళు మెత్తనివని గర్వంగా చెప్పుకుంటారు. మనకు ఆ వరం లేదు కాబట్టి నీళ్ళను మెత్తబరిచే సాఫ్ట్‌నింగ్ ప్లాంటు తప్పదు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ప్లాంటు పనిచేస్తోందో లేదో, నీళ్ళలో కరిగిన ఉప్పుల మొత్తం కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తారు. ఆ ప్లాంటు కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది, కరిగిన ఉప్పుల మొత్తం పెద్దగా తగ్గదు. మీటరులో అంకె మారకపోయినా ప్లాంటు బాగానే ఉండొచ్చు, మారినా చెడిపోయి ఉండొచ్చు. కఠినత్వం కొలిచే చుక్కల కిట్ వేరే ఉంటుంది, దానితో రోజుకు రెండుసార్లు చూడాలి. కఠినత్వం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) దాటితే రెసిన్‌ను, అంటే ప్లాంటులో కాల్షియం పట్టే గుళికలను, ఉప్పునీటితో కడగాల్సిన సమయం వచ్చినట్టు. కఠినమైన నీళ్ళలో సోడియం సిలికేట్ పెట్టి పెరాక్సైడ్ బ్లీచ్ చేస్తే బట్ట మీద సన్నని పొడి పేరుకుంటుంది, తువ్వాలు గరుకెక్కుతుంది. పైపుల తుప్పు రేణువు పడితే ఇంకా పెద్ద నష్టం. పెరాక్సైడ్ ఆ ఇనుము చుట్టూ విపరీతంగా పనిచేసి నూలును తినేస్తుంది, ఉతికాక సూదిమొన అంత బొక్కలు బయటపడతాయి. నింద మాత్రం నేతగాడి మీద పడుతుంది.

ఇక బరువు. యూరప్ వాళ్ళు జీఎస్ఎం అడుగుతారు, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో. 70 బై 140 సెంటీమీటర్ల తువ్వాలు 0.98 చదరపు మీటరు, 450 జీఎస్ఎం అంటే ఒక్కోటి 441 గ్రాములు. అమెరికా వాళ్ళు డజనుకు ఎన్ని పౌండ్లని అడుగుతారు. 27 బై 54 అంగుళాలది 500 జీఎస్ఎం అయితే ఒకటి సుమారు 470 గ్రాములు, డజను 5.64 కిలోలు, అంటే 12.4 పౌండ్లు. ఈ రెండు లెక్కలూ ఆసామికి నోటికి రావాలి. ఫోన్‌లో ధర మాట్లాడుతూ పొరపాటు పడితే నష్టం నూలు రూపంలో పోతుంది.

పూర్తయిన తువ్వాలు 441 గ్రాములు ఉండాలంటే సాంచా మీద అంతే నేస్తే చాలదు. ఉడికించి ఉతికేటప్పుడు గంజి, మైనం కలిసి ఎనిమిది శాతం పోతాయనుకుంటే పచ్చి బరువు 479 గ్రాములుండాలి. పొడవు కూడా అంతే. నిలువున ఎనిమిది శాతం కుంగితే (పొట్టిదైతే) 140 రావడానికి 152 సెంటీమీటర్లు నేయాలి. ఈ శాతాలు ప్రతి యూనిట్‌కూ వేరు. పదేసి తువ్వాళ్ళ మీద నంబర్లు కుట్టి, ప్రాసెస్‌కు ముందు, తర్వాత కొలిచి మీ శాతాలు మీరే రాసి పెట్టుకోవాలి. పక్క కార్ఖానా లెక్క మీకు పనికిరాదు.

బరువు తూచే చోట తేమను మరిచిపోవద్దు. ల్యాబులో 20 డిగ్రీలు, 65 శాతం తేమలో ఉంచాకే తూస్తారు. మన ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటినప్పుడు, డ్రయర్ నుంచి తీసిన వెంటనే తూస్తే అదే తువ్వాలు రెండు మూడు శాతం తేలికగా చూపిస్తుంది. తక్కువ వచ్చిందని కంగారుపడి పిక్కులు, అంటే అడ్డంగా వేసే పేక పోగులు, పెంచితే నూలు వృథా. వానాకాలంలో ఇది తలకిందులవుతుంది. మన దగ్గర సరిపోయిందనుకున్న సరుకు అక్కడి ల్యాబులో తక్కువ తేలుతుంది. చాలా ఆర్డర్లలో అయిదు శాతం అటూఇటూ ఒప్పుకుంటారు, అందులో సగం ఇక్కడే ఖర్చయిపోతుంది.

లూపు ఎలా పుడుతుందో తెలిస్తేనే బరువు ఎందుకు నిలవదో అర్థమవుతుంది. టెర్రీకి పడుగు నూలు చుట్టిన బీములు రెండు. నేలకు నూలిచ్చే గ్రౌండ్ బీము బిగువుగా, లూపులకు నూలిచ్చే పైల్ బీము వదులుగా ఉంటాయి. రెండు పిక్కులను బట్ట అంచుకు కాస్త దూరంలో వదిలేసి, మూడో పిక్కుతో దువ్వెన లాంటి రీడ్ అంచుదాకా పూర్తిగా కొడుతుంది. మూడూ కలిసి బిగువు పడుగు మీద జారుకుంటూ ముందుకెళ్తాయి, వదులు పడుగు వాటితో పాటే మడతపడి లూపవుతుంది. వదిలిన దూరంలో దాదాపు సగం లూపు ఎత్తు.

మన పాత సాంచాల్లో పైల్ బీమును ఆపేది తాడూ దానికి వేలాడే ఇనుప దిమ్మెలూ. బీము నిండుగా ఉన్నప్పుడు సరిపోయిన దిమ్మె, నూలు తగ్గుతున్నకొద్దీ ఎక్కువవుతుంది. చుట్టు వ్యాసం సగమయ్యేసరికి అదే దిమ్మెతో నూలు మీద బిగువు రెట్టింపు. లూపు వెనక్కి లాగబడి పొట్టిదవుతుంది. బీము మొదట్లో నేసిన తువ్వాలునూ చివర్లో నేసినదానినీ పక్కపక్కన పెట్టి అరచేత్తో నొక్కితే తేడా వెంటనే తెలుస్తుంది, ఒకటి స్పాంజిలా లేస్తుంది, ఇంకోటి చద్దర్‌లా పడుకుంటుంది. సాంచా చూసుకునే మెకానిక్, జాబర్, బీముకు నాలుగైదు సార్లు దిమ్మెను మీట మీద లోపలికి జరపాలి. ఎక్కడెక్కడ జరపాలో బీము రేకు మీద పెయింటుతో గీతలు పెడితే రాత్రి షిఫ్టువాడూ తప్పడు. పైసా ఖర్చు లేని ఈ పనికి మించిన క్వాలిటీ కంట్రోల్ మన సాంచాల్లో ఇంకోటి లేదు.

పేక నూలును మోసే నాడా ఉన్న పాత సాంచాను తక్కువగా చూడొద్దు. నాడా అటూఇటూ తిరిగొస్తుంది కాబట్టి అంచు దానంతటదే మూసుకుంటుంది. నాడా లేని కొత్త మగ్గాల్లో పేక కొసలు బయటికి వస్తాయి, వాటిని మడిచి నేయాలి లేదా కుట్టాలి. యూరప్‌లో చిన్న డిజైన్ దుకాణాలవాళ్ళు ఈ నేత అంచును ఇష్టపడి కొంటారు. వాళ్ళ ఆర్డర్లు రెండు మూడు వందలు దాటవు, పెద్ద మిల్లులు ముట్టుకోవు. మన ఎనిమిది సాంచాల కార్ఖానాకు సరిగ్గా అదే కొలత.

బట్టలోనే బొమ్మలు నేసే జకార్డ్ మన అసలు బలం. రెండు రంగుల పైల్ పడుగుతో నేస్తే ముందువైపు పువ్వు ఏ రంగో, వెనకవైపు నేల ఆ రంగు. డిజైన్ పంపేవాళ్ళు దీన్ని మరిచిపోయి అక్షరాలు పెడతారు, వెనక అవి అద్దంలో లాగా తిరగబడతాయి. ముందే చెప్పాలి. సన్నని గీతలు టెర్రీలో నిలవవు, కనీసం మూడు నాలుగు లూపుల వెడల్పు లేకపోతే పక్క రంగు లూపులు వాలి కప్పేస్తాయి. వృత్తం ఉంటే గ్రాఫ్‌లోనే కుంగుడు కలపాలి. నిలువున ఎనిమిది, అడ్డంగా నాలుగు శాతం కుంగే బట్టలో 20 సెంటీమీటర్ల గుండ్రం రావాలంటే నిలువు 21.7, అడ్డం 20.8 గీయాలి. లేకపోతే చందమామ గుమ్మడికాయ అవుతాడు.

రంగు విషయంలో రాజీ వద్దు. హోటళ్ళు, ఆసుపత్రులు క్లోరిన్‌తో ఉతుకుతాయి, అక్కడికి క్లోరిన్‌ను తట్టుకునే వ్యాట్ రంగులే. ముదురు ఎరుపు, నేవీ పక్కన తెలుపు నేసేటప్పుడు రంగేసిన నూలు చిలపలను (చుట్టలను) సబ్బుతో మరిగించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే తెలుపు గులాబీ అవుతుంది. యూరప్ నియమం ప్రకారం కొన్ని అజో రంగుల నుంచి పుట్టే 22 రకాల అమైన్లు (హానికరమైన రసాయనాలు) కిలోకు 30 మిల్లీగ్రాములు మించకూడదు. రంగు డబ్బా మీద కంపెనీ చీటీ చూసి నమ్మడం కాదు, ప్రతి రంగుకూ ల్యాబు రిపోర్టు ఉండాలి. విడిగా తూచి అమ్మే రంగు కొనొద్దు.

కుట్టుపనిలో అంగుళానికి పది, పన్నెండు కుట్లు, మూలల్లో వెనక్కి కుట్టు. సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, కాగితానికి టేపుతో అతికించి రిజిస్టర్‌లో పెట్టాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ కట్ట అంతా మెటల్ డిటెక్టర్ కింద పోవాలి. పసిపిల్లల ఒంటికి తగిలే వస్తువు ఇది.

కాగితాలు అంత కష్టం కాదు. కేంద్ర విదేశీ వాణిజ్య శాఖ డీజీఎఫ్‌టీ ఇచ్చే ఎగుమతి దిగుమతి కోడ్ ఐఈసీ, విదేశీ డబ్బు తీసుకునే బ్యాంకు ఏడీ కోడ్, బట్టల ఎగుమతి మండళ్ళైన టెక్స్‌ప్రోసిల్ లేదా పీడెక్సిల్ సభ్యత్వం. సరుకు కోడ్ 6302 60. ధర ఎఫ్‌ఓబీలోనా (ఓడ ఎక్కించేదాకా ఖర్చు మనది) సీఐఎఫ్‌లోనా (ఓడ కిరాయి, బీమా కూడా మనవే) అన్నది మొదటి ఉత్తరంలోనే తేల్చుకోవాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు, నేసి పెట్టిన సరుకు ఎవరి నెత్తిన పడుతుందో ఒప్పందంలో రాసుకోనివాళ్ళు ఎక్కువ ఇబ్బంది పడే పరిస్థితి వచ్చింది. సుంకం మారితే తేడా ఎవరు భరించాలన్న ఒక్క వాక్యం రాసుకోవాలి, ఒకే దేశం మీద ఆధారపడటమూ తగ్గాలి.

ముంబయి దగ్గరి నవా శేవా రేవుకు వెళ్ళే కంటైనర్‌లో తేమే శత్రువు. పగలు వేడెక్కి రాత్రి చల్లబడి పైకప్పు నుంచి నీళ్ళు చుక్కలుగా రాలుతాయి. తువ్వాళ్ళు ఎనిమిది శాతం కన్నా ఎక్కువ తేమతో పెట్టెలో పడితే వారాల ప్రయాణంలో బూజు పడుతుంది. డ్రయర్ నుంచి వచ్చాక చల్లారనిచ్చి, తేమ మీటరు గుచ్చి చూసి కట్టాలి. వేడిగా పాలిథిన్‌లో దూర్చకూడదు. అట్టపెట్టె 20 కిలోలు దాటనివ్వొద్దు. చెక్క ప్యాలెట్ల మీద, పురుగు చంపేలా శుద్ధి చేశారని చెప్పే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉందో లేదో చూడాలి.

ప్రతి లాటు నుంచి మూడు తువ్వాళ్ళు పక్కన పెట్టండి. ఒకటి కొనుగోలుదారుకు, ఒకటి మూడుసార్లు ఉతికి మునక పరీక్షకు, ఒకటి ముట్టుకోకుండా మీ బీరువాకు. చీటీ మీద లాటు నంబరు, బీము నంబరు, జీఎస్ఎం, ముక్క మునగడానికి పట్టిన సెకన్లు రాయండి. ఆ బీరువాలో డాంబరు గోళీలు మాత్రం వేయొద్దు, టెర్రీకి పట్టిన ఆ వాసన ఎన్ని ఉతుకులకూ వదలదు.