డోలో వేసుకుని డ్యూటీకి రాకుండా ఉండాలంటే

ఇంకో మహమ్మారి వస్తుందా అని ఎవరైనా అడిగితే వస్తుందనే చెప్తాను, ఎప్పుడో చెప్పలేను గానీ అది ఫ్లూ అయ్యే అవకాశమే ఎక్కువ. 1918, 1957, 1968, 2009, వందేళ్ళలో నాలుగుసార్లు ప్రపంచమంతా పాకింది. కోవిడ్ అయిపోయాక జనానికి ఈ మాటే వినబుద్ధి కావడం లేదు, నాకర్థమవుతుంది, నాకూ ఆ రోజులు గుర్తు చేసుకోవాలని ఉండదు. కానీ బెంగళూరు కుందలహళ్ళిలో ఒక కర్రీ పాయింట్ నడుపుతూ, పదకొండు మంది ఇళ్ళు దాని మీద గడుస్తుంటే, దీని గురించి ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను.

1918లో జబ్బు బొంబాయి రేవులో దిగింది. జూన్‌లో వచ్చింది కాస్త తేలిగ్గానే పోయింది, సెప్టెంబర్‌లో తిరగబెట్టినప్పుడు మాత్రం ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మన దేశంలో తక్కువలో తక్కువ 1.2 కోట్ల మంది పోయారని అంచనా. అందులోనూ 20 నుంచి 40 ఏళ్ళ మధ్య వాళ్ళే ఎక్కువ, అంటే ఇవాళ పొద్దున్నే వైట్‌ఫీల్డ్‌లో కంపెనీ బస్సులు దిగే వయసు వాళ్ళు. 1957లో సింగపూర్ నుంచి వచ్చిన ఓడతో మద్రాసులో దిగింది. 2009లో మన దేశంలో మొదటి హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) కేసు హైదరాబాద్‌లో తేలింది, విదేశం నుంచి విమానంలో వచ్చిన మనిషికి. అప్పుడు రేవులు, ఇప్పుడు ఎయిర్‌పోర్టులు. దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుని పెట్టుకుని మన దగ్గరికి చివర్లో వస్తుందిలే అనుకోవడానికి లేదు.

బర్డ్ ఫ్లూ సంగతి మనవాళ్ళకి కొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్ళు కుప్పలుగా చచ్చిపోయాయి, అప్పుడు మా షాపులో చికెన్ కూర గిన్నె తీసింది తీసినట్టే ఉండేది, బాగా ఉడికించిన మాంసంతో భయం లేదని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఆ ఏడాదే పల్నాడు జిల్లాలో ఒక చిన్నపాప హెచ్5ఎన్1తో, అంటే ఆ బర్డ్ ఫ్లూ వైరస్‌తోనే, చనిపోయింది. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద ఈ వైరస్ సోకినట్టు తేలినవాళ్ళు 900 మందికి పైనే, వాళ్ళలో దాదాపు సగం మంది బతకలేదు. ఇప్పటిదాకా అది మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకడం లేదు, అదొక్కటే మన అదృష్టం. 2024లో అమెరికాలో పాడి ఆవులకి కూడా అంటుకుంది. అది మారుతూ పోతుంటే మనం ఏ ఏర్పాటూ లేకుండా కూర్చోవడం నాకు నచ్చడం లేదు.

ఫ్లూకి కోవిడ్‌కీ ఒక పెద్ద తేడా ఉంది, మా ఏరియాలో చాలామందికి ఇది తెలియదు. ఫ్లూ చాలా వేగం. వైరస్ ఒంట్లోకి వెళ్ళిన రెండు రోజులకల్లా మనిషి పడకేస్తాడు, పైగా జ్వరం తెలియడానికి ఒక రోజు ముందు నుంచే పక్కవాళ్ళకి అంటించేస్తుంటాడు, ఆ తర్వాత ఇంకో ఐదు నుంచి ఏడు రోజులు అంటిస్తూనే ఉంటాడు, పిల్లలైతే ఇంకా ఎక్కువ. ఎవరెవరిని కలిశాడో లిస్టు రాసి ఫోన్లు చేసేలోపు ఆ లిస్టులో వాళ్ళు ఇంకో పదిమందికి అంటించేసి ఉంటారు. కొత్త వైరస్‌కి టీకా తయారై రావడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. 2009లో అమెరికా అంతటి దేశంలో కూడా టీకా జనానికి సరిపడా అందేసరికి పెద్ద అల దాటిపోయింది. అంటే మొదటి ఆరు నెలలు మన చేతిలో ఉండేది మాస్కు, తెరిచిన కిటికీ, చేతులు కడుక్కోవడం, జ్వరం వచ్చినవాళ్ళు ఇంట్లో ఉండటం, అంతే. వీటిలో చివరిదే అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే కష్టం కూడా, ఎందుకంటే అది జీతంతో ముడిపడి ఉంది.

మా వంటాయనది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. పోయిన వానాకాలంలో ఒక పొద్దున ఐదింటికి ఫోన్ చేశాడు, గొంతు పూర్తిగా పోయింది. "అక్కా, రాత్రి 102 ఉండింది, డోలో వేసుకున్నా, ఇప్పుడు తగ్గింది, వచ్చేస్తా" అన్నాడు. వద్దన్నాను. "ఫర్లేదక్కా, ఓపికుంది" అంటాడు. జీతం కట్ చేయను, పడుకో అని చెప్పాకే అటు నుంచి మంచం కిర్రుమన్న చప్పుడు వినబడింది, అప్పటికే లేచి కూర్చుని ఉన్నాడన్నమాట. ఈ నగరంలో ప్రతి హోటల్ వంటింట్లో, ప్రతి సెక్యూరిటీ గార్డు క్యాబిన్‌లో, ప్రతి అపార్ట్‌మెంట్ లిఫ్టులో చీపురు పట్టుకుని ఎక్కే మనిషి దగ్గర జరుగుతున్నది ఇదే. రోజు కూలీ పోతుందన్న టెన్షన్‌తో మాత్ర మింగి వచ్చేస్తారు. గేటు దగ్గర నుదుటికి పెట్టే థర్మల్ గన్ ఆ డోలో ముందు ఎందుకూ పనికిరాదు.

అందుకే నా దృష్టిలో చిన్న వ్యాపారాలకి ఫ్లూ ప్లాన్ అంటే ముందు జ్వరం సెలవు. మా షాపులో పెట్టిన పద్ధతి ఇది: జ్వరం, దగ్గు, ఒళ్ళునొప్పులు ఉంటే ఫోన్ చేసి చెప్తే చాలు, డాక్టర్ చీటీ అడగం, ఐదు రోజుల వరకు పూర్తి జీతం, మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే తిరిగి రావాలి. పక్క షాపుల వాళ్ళు నవ్వారు, అందరూ దొంగ జ్వరాలు పెడతారమ్మా అన్నారు. ఒకరిద్దరు పెట్టొచ్చు, పెట్టనీయండి. నెలకి 18,000 తీసుకునే హెల్పర్‌కి ఐదు రోజుల జీతం 3,000. అదే అతను జ్వరంతో వచ్చి, చట్నీ రుబ్బేచోట, అన్నం వార్చేచోట, ప్యాకింగ్ బల్ల దగ్గర అందరికీ అంటించి ఒకేసారి నలుగురు పడిపోతే షాపు మూసేయాలి, ఆ ఐదు రోజుల అద్దె, పాడైపోయే కూరగాయలు, ఇంకెక్కడో డబ్బా కట్టించుకోవడం అలవాటైన కస్టమర్లు, ఇవన్నీ కలిపితే మూడు వేలు ఏ మూలకి?

ఈఎస్ఐ, అదే ప్రభుత్వ ఉద్యోగుల బీమా పథకం కాదు, ప్రైవేటు పనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే బీమా, ఉంది కదా అంటారు. ఉంది, పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న షాపులకి, 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళకి. జబ్బు చేస్తే రోజు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. కానీ అందులో మొదటి రెండు రోజులు మామూలుగా లెక్కలోకి రావు, అంతకుముందు ఆరు నెలల లెక్కలో 78 రోజుల చందా కట్టి ఉండాలి, ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ఐదు రోజుల ఫ్లూకి అందులోంచి చేతికొచ్చేది తక్కువే, న్యుమోనియా అయి నెల రోజులు మంచం పడితే మాత్రం అదే ఆదుకుంటుంది. కాబట్టి చిన్న జ్వరం షాపు భరించాలి, పెద్ద జబ్బు ఈఎస్ఐ మీద వేయాలి. మా వాళ్ళలో చాలామందికి తమ ఈఎస్ఐ నంబరే తెలియదు, ఫోన్లలో సేవ్ చేయించాను, ఏ డిస్పెన్సరీ తమకి పడిందో కూడా చూపించాను. మీ దగ్గర పనిచేసేవాళ్ళతో ఇవాళే ఈ పని చేయించండి, అరగంట కూడా పట్టదు.

తర్వాతది, మనిషి రాకపోతే పని ఎవరు చేస్తారన్నది. 2006లో అమెరికా ప్రభుత్వం ఫ్లూ మహమ్మారి కోసం వేసుకున్న ప్లాన్‌లో పీక్ వారాల్లో 40 శాతం మంది దాకా పనికి రాకపోవచ్చని లెక్క వేసుకుంది. అందరికీ జ్వరం అని కాదు, కొందరు పిల్లల్ని చూసుకోవడానికి, కొందరు భయంతో ఆగిపోతారు. పదిమందిలో నలుగురు లేరనుకుని మీ వ్యాపారాన్ని ఒకసారి ఊహించుకోండి. మాకైతే వంటాయన ఒక్కడు లేకపోతేనే పప్పు పప్పులా ఉండేది కాదు, కొలతలన్నీ ఆయన అరచేతిలో ఉండేవి. ఇప్పుడు స్టవ్ పక్కన గోడకి మేకు కొట్టి నోటుబుక్కు వేలాడదీశాం. 50 మందికి పప్పు అంటే కందిపప్పు రెండున్నర కిలోలు, ఏ గిన్నెలో, నీళ్ళు ఏ గీత దాకా, చింతపండు ఎప్పుడు వేయాలి అన్నీ ఆయన చెప్తుంటే మా ప్యాకింగ్ అమ్మాయి రాసింది, నూనె మరకలు పడి కొన్ని పేజీలు అంటుకుపోయాయి కూడా. వారానికి ఒక రోజు ఆ నోటుబుక్కు చూసి ఇంకొకళ్ళు వండుతారు, ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. మొదట్లో ఆయనకి గుండెల్లో రాయి పడింది, తన పని తీసేయడానికే ఇదంతా అనుకున్నాడు. కూర్చోబెట్టి, నువ్వు రెండు వారాలు పడుకున్నా నీ ఉద్యోగం నీకుండాలనే ఇది అని చెప్పాల్సి వచ్చింది. ఈ మాట ముందే చెప్పడం చాలా అవసరం, లేకపోతే ఎవరూ తమ పని ఇంకొకరికి నేర్పరు.

గ్యాస్, కూరగాయలు, ప్యాకింగ్ డబ్బాలకి రెండో సప్లయర్ నంబరు ఉంచుకోవడం, బ్యాంకు ఓటీపీ ఒక్క మనిషి ఫోన్‌కే వచ్చేలా ఉండకపోవడం, ఇవి చిన్న పనులే, చేసేయండి.

ఇక పీజీల (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళ) సంగతి. మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పీజీలు నడిపేవాళ్ళలో మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఫోర్ షేరింగ్ రూములో మంచానికీ మంచానికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు, ఏసీ ఉందని కిటికీ ఏడాదంతా మూసే ఉంటుంది, దాని మీద తడి తువ్వాళ్ళు. ఫ్లూకి ఇంతకంటే ఏం కావాలి? మా వెనక వీధి పీజీ అన్నతో మాట్లాడాను, ఒక్క రూము ఖాళీగా ఉంచుకోలేవా అన్నా అని. "రూము ఖాళీగా పెడితే నెలకి ముప్పై వేలు పోతాయమ్మా, నాకు లీజు ఎవరు కడతారు?" అన్నాడు. న్యాయమైన మాటే. చివరికి ఇద్దరం అనుకున్నదేంటంటే, పై అంతస్తులో చివరి టూ షేరింగ్ రూములో ఉండేవాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి, అవసరం వస్తే వాళ్ళు వేరే రూములకి సర్దుకుంటారు, జ్వరం వచ్చినవాళ్ళు అందులోకి వెళ్తారు, అటాచ్డ్ బాత్రూమ్ ఉంది, కిటికీ రోడ్డు వైపు తెరుచుకుంటుంది. భోజనం తలుపు దగ్గర పెట్టే మనిషి ఒక్కరే ఉండాలి. ఆ పీజీలో ఉండే అందరి ఇళ్ళ నంబర్లు, ఆస్తమా, షుగర్ లాంటివి ఉంటే ఆ వివరం, వాళ్ళు ఒప్పుకుంటేనే, ఒక చోట రాసి పెట్టుకోవాలి.

2020లో చాలా పీజీలు ఉన్నపళంగా ఖాళీ చేయమన్నాయి. ఈసారి అలా జరగకూడదు. జ్వరం ఉన్న పిల్లాడిని రాత్రి బస్సెక్కించి కడపకో నెల్లూరుకో పంపిస్తే, తెల్లారేదాకా ఏసీ స్లీపర్‌లో ముప్పై మంది పక్కన పడుకుని, ఆ పొద్దునే ఇంట్లో డెబ్బై ఏళ్ళ తాతకి అంటిస్తాడు. ఇంటికి పోతే అమ్మ చూసుకుంటుంది అన్న ఆశ నాకు తెలుసు, నేనూ తల్లినే, కానీ ఆ వారం మాత్రం ఇక్కడే ఎవరో ఒకరు అమ్మలా చూసుకునే ఏర్పాటు ఉండాలి.

కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే మన పాలమూరు, కర్నూలు, అనంతపురం వాళ్ళకి ఇంకా కష్టం. వాళ్ళకి రెండు విషయాలు ముందే తెలియాలి. ఊళ్ళో ఉన్న రేషన్ కార్డు మీద ఇక్కడ కూడా బియ్యం తీసుకోవచ్చు, ఒక దేశం ఒకే రేషన్ కార్డు కింద. దగ్గర్లో నమ్మ క్లినిక్ (ఇక్కడి ప్రభుత్వ క్లినిక్) ఎక్కడుందో చూసి పెట్టుకోవాలి, అక్కడ డాక్టర్, మందులు ఉచితం. కన్నడ రాదన్న బెరుకుతో లోపలికి వెళ్ళకుండా వెనక్కి వచ్చేసినవాళ్ళని చూశాను, అందుకే అపార్ట్‌మెంట్‌కో లేఅవుట్‌కో రెండు భాషలూ వచ్చినవాళ్ళు ఇద్దరు ఫోన్ ఎత్తడానికి ఒప్పుకోవాలి. 108 ఇక్కడా పనిచేస్తుంది. ఆయాసం, గుండెల్లో నొప్పి, పెదాలు నీలంగా మారడం, మనిషి మాట తడబడటం, తగ్గిన జ్వరం మళ్ళీ ఎక్కువగా రావడం, వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. ఫ్లూ మందు ఓసెల్టమివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, అదీ డాక్టర్ రాస్తేనే. గర్భిణులైతే ఒక్కరోజు కూడా చూడకూడదు, 2009లో వాళ్ళకి చాలా ప్రమాదమైంది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకి నాదొక విన్నపం. పనమ్మాయి జ్వరమని నాలుగు రోజులు రాకపోతే జీతం కోయకండి. ఇంకోటి, వినాయక చవితి లాంటి పెద్ద కార్యక్రమం ఆపాల్సి వస్తే ఎవరు, ఏం చూసి ఆపుతారో ఇప్పుడే మినిట్స్‌లో రాసుకోండి. 1918 సెప్టెంబర్ 28న ఫిలడెల్ఫియాలో ఫ్లూ మొదలైందని తెలిసి కూడా పెద్ద ఊరేగింపు జరిపారు, రెండు లక్షల మంది వచ్చారు, కొద్ది రోజుల్లోనే ఆసుపత్రులు నిండిపోయాయి. సెయింట్ లూయిస్‌లో సభలూ సినిమాలూ బడులూ త్వరగా ఆపేశారు, అక్కడ చావులు చాలా తక్కువ. చందాలు వసూలయ్యాక, షామియానా అడ్వాన్స్ ఇచ్చాక ఆపమని ఎవరికీ నోరు రాదు, అందుకే ఇప్పుడే రాసుకోమనేది.

బెంగళూరుకి ఇలాంటివి చేతకాదని కాదు. 1898లో ప్లేగు వచ్చినప్పుడు ఇరుకు పేటల్లోంచి జనాన్ని బయటికి తేవడానికి మల్లేశ్వరం, బసవనగుడి లేఅవుట్లని పెంచారు. ఆ వీధుల వెడల్పు ఇవాళ్టికీ కనిపిస్తుంది.

మా షాపులో ఇంకా తేలనివి ఉన్నాయి. బడులు మూసేస్తే పిల్లలున్న ముగ్గురు ఆడవాళ్ళు పనికి ఎలా వస్తారో తెలియడం లేదు, వంతులవారీగా ఒకరు అందరి పిల్లల్ని చూద్దామంటే ఆ పిల్లలే ఒకరికొకరు అంటించుకుంటారు. మామూలు ఫ్లూ టీకా అందరికీ షాపు ఖర్చుతో వేయించాలనుకుంటున్నాను, కొత్త వైరస్‌ని అది ఆపకపోవచ్చు గానీ ఏటా వానాకాలంలో పడే జ్వరాలు తగ్గుతాయి, టీకా అంటే బెదురు పోతుంది. మెస్‌లు, పీజీలు, చిన్న యూనిట్లు నడిపేవాళ్ళు పిల్లల విషయంలో ఏదైనా దారి చూసి ఉంటే కామెంట్‌లో రాయండి, మా నోటుబుక్కు పేజీల ఫోటోలు కావాలన్నా అడగండి, పంపిస్తాను.