ఎడమ రెక్క వాలుడు ఎట్లా వదిలింది: నా అనుభవం

నాది రిమోట్‌తో ఎగరేసే చిన్న మోడల్ విమానం: నాలుగు చానెళ్ల (రిమోట్‌ల నాలుగు కంట్రోళ్లు) బాల్సా ట్రైనర్, అంటే తేలికైన బాల్సా కట్టెతో చేసిన, నేర్చుకునేటోళ్ల విమానం. రెక్కల పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20. నల్లగొండలో దీని సామాను దొరకదు, ప్రతిదానికి హైదరాబాద్ దిక్కే చూడాలె.

తోక చివర గుండుసూది గుచ్చి, దారంతో రెండు రెక్కల కొసల దాకా కొలిస్తే సమానం వచ్చింది. బ్యాటరీ పెట్టినంక, ముందు అంచు నుంచి 5.5 సెంటీమీటర్ల దగ్గర వేళ్ల మీద నిలబడ్డది. ఈ వెడల్పుకు 5–6 మధ్య ఎక్కడున్నా ఎగురుతది.

సతాయించింది ఎడమకు వాలుడే. రెక్క వెనుక అంచున కదిలే పలక ఏలిరాన్. దాని ట్రిమ్ (రిమోట్‌ల చేసే చిన్న సర్దుబాటు) కుడికి ఇస్తే ఫుల్ త్రాటిల్‌లో తిన్నగా పోతది, దిగేటప్పుడు వేగం తగ్గంగనే మళ్లా ఎడమ రెక్క పడుతది. ముక్కు పైకి లేపే తోక పలక ఎలివేటర్‌ను గట్టిగ లాగితే అటే తిరిగిపోతది. షాపాయన ఫోన్‌లనే "సర్వో పోయింది" అని, అంటే ఆ పలకలను కదిలించే చిన్న మోటరు పాడైందని తేల్చి కొత్తది అంటగట్టిండు. దాంతో రవ్వంత తేడా రాలే.

అసలు చూడాల్సింది ఒక రెక్క బరువెక్కువనా, మెలిక తిరిగిందా అని. రెక్క మెలిక తిరిగి ఉంటే దాని ప్రభావం, ఏలిరాన్ బలం రెండూ వేగంతో పాటే పెరుగుతయి, తగ్గుతయి. అందుకే ఒకసారి ఇచ్చిన ట్రిమ్ దాదాపు అన్ని వేగాలకు సరిపోతది. బరువు అట్ల కాదు, అది వేగం తగ్గినా తగ్గదు. వేగం సగమైతే ఏలిరాన్ బలం పావు వంతుకు పడిపోతది, బరువే గెలుస్తది. నా విమానం లక్షణం అచ్చం ఇదే.

అయినా మెలిక కూడ చూసిన. వెనుక నుంచి ఒక కన్ను మూసి చూస్తే రెండు కొసల వెనుక అంచులు ఒకే తీరుగ కనబడాలె. ఒకటి 4 మిల్లీమీటర్లు కిందికి ఉన్నా డిగ్రీ దాటిన తేడా. అట్లుంటే రెక్కను ఎదురు దిక్కుకు కొంచెం ఎక్కువే మెలిపెట్టి, రెక్కకు చుట్టిన ప్లాస్టిక్ ఫిల్మ్ మీద రెండు పక్కల హీట్ గన్ తిప్పి, చల్లారేదాక వదలొద్దు. మే నెల ఎండల మూసిన కార్ల పెడితే తిన్నగున్న రెక్క కూడ వంకర పోతది.

ఇంక బరువు. బ్యాటరీ, ప్రొపెల్లర్ అన్నీ బిగించి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ఒక దారం, తోక చక్రానికి ఒకటి కట్టి, ఫ్యాన్ బంద్ చేసి వేలాడదీసిన. ఎడమ రెక్క మెల్లగ దిగింది. ఒకే కొలత బాల్సా కట్టెలైనా బరువు రెండింతలు తేడా ఉండొచ్చు. కిట్‌ల ఏది ఏ పక్క పడ్డదో ఎవడు తూకం వేస్తడు?

కుడి కొసకు టేపుతో రూపాయి బిళ్ల అంటిస్తే సమమైంది. అంటే మూడు నాలుగు గ్రాములు. అంతే తూకం మేకులను కొసలోకి గుచ్చి జిగురు పోసిన, ముందు వెనుక బరువు మారకుండ వేళ్ల మీద నిలబడ్డ ఆ 5.5 సెంటీమీటర్ల గీతకు సూటిగ. ట్రిమ్ సున్నాకు తెచ్చి, గాలి లేని పొద్దుగాల ఎగరేస్తే స్టిక్ ముట్టుకోకుండ తిన్నగ పోయింది.

పాత సర్వో కూడ బాగనే పనిచేస్తున్నది. కొత్తది వాపసు తీసుకోమంటే షాపాయన బిల్లు అడుగుతున్నడు. ఆయన బిల్లు ఇస్తే కద!