కాంటన్ సంతలో రేడియో షాక్ పెట్టె

టెక్సస్‌కి వచ్చిన కొత్తలో రోడ్డు పక్కన ఎఫ్.ఎం. 859 లాంటి బోర్డులు చూసి, రేడియో మీద ఈ ఊరివాళ్లకి ఇంత మోజేమిటా అనుకునేవాణ్ణి. ఎఫ్.ఎం. అంటే ఫార్మ్ టు మార్కెట్, అంటే పొలం నుంచి సంతకి వెళ్లే రోడ్డు అని తెలిశాక ఎవరికీ చెప్పుకోలేదు. మొన్న ఆగస్టులో మాత్రం ఆ 859 దగ్గరే ఎగ్జిట్ తీసుకుని, నిజంగానే సంతకి వెళ్లాం. అదీ రేడియోల కోసమే.

మేమంటే నేనూ, మా బావమరిదీ. ఇద్దరికీ పాత స్టీరియో రిసీవర్ల పిచ్చి. రిసీవర్ అంటే ఫోన్‌ది కాదు, రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండేది. ముందు వెండిరంగు రేకు, పెద్ద పెద్ద నాబ్‌లు, వెనకనుంచి వెలిగే డయల్. వాడిది మరాంట్జ్ కంపెనీ మతం. 2270 మోడల్ అంటే ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్ వైపుకి, 70 వాట్లు, 2230 అంటే 30 వాట్లు అని నంబర్లు చూసి జాతకం చెప్తాడు. నేను మాత్రం ఒకప్పుడు అమెరికా అంతటా ఎలక్ట్రానిక్స్ షాపులు నడిపిన రేడియో షాక్ వాళ్ల సొంత బ్రాండు రియలిస్టిక్ కొంటాను. వాడి దృష్టిలో అది స్టోర్ సరుకు. "బావా, కిరాణా కొట్లో అమ్మే సొంత బ్రాండు పప్పు లాంటిది అది" అంటాడు. పప్పు పప్పేగా అంటే వినడు.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఆరింటికి బయల్దేరాం. టోల్ సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, పాలకి వెళ్లొచ్చినా నెలాఖరుకి బిల్లు వస్తుంది. 635 హైవే మీదుగా వెళ్లి 20 ఎక్కి, టెరెల్‌లో బకీస్ దగ్గర కాఫీకని ఆగితే అక్కడే ముప్పావుగంట పోయింది. అది పెట్రోల్ బంకో, పెళ్లి విడిదో నాకిప్పటికీ తేలలేదు.

కాంటన్ సంత పేరు ఫస్ట్ మండే. సోమవారం వెళ్తే మాత్రం ఖాళీ నేల కనిపిస్తుంది. నెలలో మొదటి సోమవారానికి ముందొచ్చే గురువారం నుంచి ఆదివారం దాకా జరుగుతుంది. 1850ల్లో జడ్జిగారు నెలకోసారి సోమవారం కోర్టు పెట్టడానికి ఊళ్లోకి వచ్చేవారట. వాయిదాలకి వచ్చిన రైతులు గుర్రాలూ సరుకులూ మార్చుకోవడంతో మొదలైందంటారు. కోర్టు సంగతి పోయి సంత మిగిలింది. మా అంబాజీపేట కొబ్బరి మార్కెట్ లాంటివి పాతిక పెట్టినా ఇందులో ఓ మూలకి వస్తాయి. పాత తలుపులు, తుప్పుపట్టిన ట్రాక్టర్ సీట్లు, గాజు సీసాలు, కోడిపిల్లలు. పార్కింగ్ డబ్బులు పుచ్చుకున్నాయన మమ్మల్ని ఓ గడ్డి పొలంలోకి పొమ్మన్నాడు. నీడ లేదు. నిమ్మరసం ఎనిమిది డాలర్లు, గ్లాసులో ముప్పాతిక ఐసే. అమలాపురంలో ఆ డబ్బుకి వీధి మొత్తానికీ సోడాలు కొట్టించొచ్చు.

మొదటి మూడు గంటల గురించి చెప్పడానికేమీ లేదు. తిరిగాం, చెమట తుడుచుకున్నాం, మళ్లీ తిరిగాం. ఓ టెంటులో మా వాడికి 2230 దొరికింది. నీలం వెలుగు డయల్, నాబ్ బదులు వేలితో దొర్లించే ట్యూనింగ్ చక్రం. ఆరొందల యాభైకి బేరం కుదిరింది. ముప్పై వాట్లకి ఆరొందల యాభై. నేను నోరెత్తలేదు. పక్కన ఉన్న 2270కి అతను పదిహేను వందలు చెప్పాడు మరి, దాని పక్కన ఇది చవగ్గానే అనిపించింది.

ఇక నా వంతు. పికప్ ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీదే సామాను పరుచుకుని కూర్చుంది ఒకావిడ. డెబ్భై దాటి ఉంటాయి. కాళ్ల దగ్గర దుమ్ము కొట్టుకున్న రియలిస్టిక్, ఎస్.టి.ఎ. వరుసలో చిన్న మోడల్. పక్కనే మినిమస్-7 స్పీకర్లు రెండు. అరచేతి కన్నా కాస్త పెద్దవి, కానీ అల్యూమినియం పోత పెట్టెలు కాబట్టి ఎత్తితే బరువు తెలుస్తుంది. వంగి చూశాను. పక్క చెక్క నిజం చెక్క కాదు, చెక్క బొమ్మ అచ్చేసిన వినైల్ కాగితం. ఓ మూల కాగితం లేచింది.

ఆ లేచిన మూల చూడగానే నాకు మా ఇంట్లోని సెట్టు గుర్తొచ్చింది. మా వీధిలో కువైట్ వెళ్లొచ్చిన వాళ్లింట్లో నేషనల్ పానసోనిక్ టూ-ఇన్-వన్ ఉండేది. దానికి ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, చుట్టాలొచ్చినప్పుడే తీసేవారు. మా నాన్న గడియారస్తంభం దగ్గర రేడియో మెకానిక్‌తో అసెంబుల్డ్ సెట్ కట్టించారు. 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, రేకు ఛాసిస్, చుట్టూ ప్లైవుడ్, దానిమీద ఇలాంటి చెక్క డిజైను సన్‌మైకా. కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. స్నేహితులు "ఏం కంపెనీరా?" అంటే "లోకల్" అనడానికి నామోషీగా ఉండేది. ఓ రోజు సన్‌మైకా మూల లేస్తే నాన్న ఫెవికాల్ పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం బరువు పెట్టారు. రాత్రంతా అలాగే ఉంది. పొద్దున మా అమ్మ ఇడ్లీపిండి రుబ్బుకోవడానికి పొత్రం లేదని చేసిన గొడవ నాకింకా గుర్తుంది.

"పనిచేస్తుందా?" అని అడిగాను.

"మా షాపులో ఉన్నప్పుడు చేసింది" అంది ఆవిడ.

వాళ్లాయనది తూర్పు టెక్సస్‌లోని ఓ చిన్న ఊళ్లో రేడియో షాక్ డీలర్ షాపట. కంపెనీ షాపులు రాని ఊళ్లలో అలా డీలర్లకి ఇచ్చేవారు. ఈ బ్రాండు కథంతా ఈ చుట్టుపక్కలదే. బోస్టన్‌లో 1921లో మొదలైన రేడియో షాక్ దివాలా అంచున ఉండగా, 1963లో ఫోర్ట్‌వర్త్ తోలు వ్యాపారి చార్లెస్ టాండీ కొన్నాడు. అప్పటికి చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని షాపులు. తర్వాత వేలకి వేలయ్యాయి. రియలిస్టిక్ రిసీవర్లు చాలావరకు జపాన్‌లో వేరేవాళ్లు తయారుచేసినవే, పేరు మాత్రం వీళ్లది. మా వాడి వెక్కిరింపు అక్కడే మొదలవుతుంది. మరి వాడి మరాంట్జ్ పుట్టుక అడిగితే న్యూయార్క్ అంటాడు, దాని వెనక జపాన్ అని రాసుంటుంది.

ఆవిడ పక్క టెంటువాళ్ల జనరేటర్ నుంచి వైరు లాగింది. స్విచ్ నొక్కితే డయల్ సగమే వెలిగింది, ఓ బల్బు పోయింది. కుడి స్పీకర్ పలికింది, ఎడమది లేదు. వాల్యూమ్ తిప్పితే పెనంలో పోపు వేసినట్టు చిటపట. మా బావమరిది నా చెవిలో "వద్దు బావా" అన్నాడు. నాకేమో అప్పుడే నచ్చింది. ఈ వయసు సెట్లలో ఎడమది పలకకపోతే చాలాసార్లు నాబ్ లోపలి మురికే కారణం. నాబ్‌ల పక్కన రాతలు చదివాను. పర్‌ఫెక్ట్ లౌడ్‌నెస్ అట. లౌడ్‌నెస్ అందరికీ ఉంటుంది. సౌండ్ తగ్గించినప్పుడు చెవికి బేస్ సరిగ్గా వినపడదు కాబట్టి దాన్ని కాస్త పెంచే స్విచ్ అది. పర్‌ఫెక్ట్ అని పేరు పెట్టుకునే ధైర్యం మాత్రం వీళ్లకే ఉంది.

"ఎంత?"

"స్పీకర్లతో కలిపి ఎనభై. ఈ డబ్బా కూడా తీసుకెళ్తే డెబ్భై అయిదు."

డబ్బా నిండా ఎయిట్ ట్రాక్ టేపులు, అంటే మన క్యాసెట్ల కన్నా పెద్దగా ఉండే పాతకాలం పాటల టేపులు. ఓ నలభై ఉంటాయి. ఇంత వయసొచ్చింది, సరుకు ఎక్కువ తీసుకుంటే ధర తగ్గే బేరం నేనెప్పుడూ చూడలేదు. అరవై అన్నాను. "అరవైకి ఇంకో డబ్బా కూడా ఎత్తుకెళ్లాలి" అని ట్రక్కులోకి చూపించింది. డెబ్భై అయిదు ఇచ్చేశాను.

కారు ఎక్కడుందో చెప్పానుగా, పొలం చివర. తోపుడు బండి అద్దె అడిగితే నా రియలిస్టిక్ ధరలో మూడోవంతు చెప్పాడు. ఆత్మాభిమానం అడ్డొచ్చి మోసుకుపోదాం అన్నాను. వాడు మరాంట్జ్‌ని పాత దుప్పట్లో చుట్టి పసిబిడ్డలా పట్టుకున్నాడు, స్పీకర్లు సంచిలో భుజాన. నాకు రిసీవర్, దానిపైన టేపుల డబ్బా. వాడిమీద కోపం రావడానికి అరఫర్లాంగు పట్టింది.

ఇంత చిన్న సెట్టుకి ఇంత బరువేమిటి అంటే దానికో కారణముంది. మన దగ్గర టేప్ రికార్డర్ల మీద "1000 వాట్స్ పి.ఎం.పి.ఒ." (కనురెప్పపాటు మాత్రమే వచ్చే వాట్లు) అని స్టిక్కర్లు ఉండేవి, గుర్తుందా? అరచేయంత స్పీకర్, వెయ్యి వాట్లు. అమెరికాలో కూడా డెబ్భైల మొదట్లో ఇదే భాగోతం. ఎవరికి తోచిన వాట్లు వాళ్లు రాసుకునేవారు. 1974 నవంబరులో, వ్యాపారాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన వచ్చి, ఆగకుండా ఇవ్వగలిగిన వాట్లే చెప్పాలంది. పైగా కొలిచే ముందు మూడోవంతు పవర్ మీద గంటసేపు నడపాలని అప్పట్లో షరతు. ఆ స్థాయిలో ఇలాంటి సెట్లు కుంపటిలా కాగుతాయి. అందుకని చెప్పిన అంకె నిలబెట్టుకోవడానికి చవక సెట్లో కూడా ఇనప ట్రాన్స్‌ఫార్మరూ, వేడిని బయటికి లాగే పెద్ద హీట్ సింకూ పెట్టక తప్పలేదు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు నిజం వాట్లతోనే పోటీపడి, పయనీర్ 1976లో ఛానెల్‌కి 160 వాట్ల ఎస్.ఎక్స్. 1250 తెచ్చింది. నాది అందులో ఎనిమిదో వంతో ఎంతో ఉంటుంది. అయినా ఆ వేళ నా నడుముకి 160 వాట్ల బరువే తెలిసింది.

ఓ చెట్టు కింద దింపుకుని ఆయాసపడుతుంటే, కౌబాయ్ టోపీ పెట్టుకున్న పెద్దాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నా పెట్టె చూశాడు, నన్ను చూశాడు. నవ్వకుండా, "మీ ఫోన్ నంబర్ చెప్పండి సార్" అన్నాడు.

నాకు గుండె గతుక్కుమంది. దొంగ సరుకేమైనా కొన్నానా, ఈయన పోలీసా? "ఎందుకండీ?" అన్నాను.

"అడ్రస్ కూడా. జిప్ కోడ్‌తో."

మా వాడు అప్పటికే రెండడుగులు దూరం జరిగాడు. వాడి సంగతి నాకు తెలుసు.

ఆయన పగలబడి నవ్వాడు. రేడియో షాక్‌లో ఒక్క బ్యాటరీ కొన్నా కౌంటర్లో కుర్రాడు పేరు, ఊరు, ఫోన్ నంబర్ అడిగి రాసుకునేవాడట. తర్వాత ఇంటికి కేటలాగ్ పంపడానికి. కాలేజీ రోజుల్లో ఆయన ఆ కౌంటర్లో ఆ ప్రశ్నే అడిగి అడిగి విసిగిపోయిన కుర్రాడట. నెలకో బ్యాటరీ ఉచితంగా ఇచ్చే కార్డు ఉండేదనీ, ఆ కార్డు పట్టుకుని వచ్చి బ్యాటరీ తీసుకుని ఇంకేమీ కొనకుండా వెళ్లే పిల్లలే తనకి ఎక్కువ గుర్తున్నారనీ చెప్పాడు. నా రిసీవర్ మీద చెయ్యి పెట్టి, వినైల్ లేచిన మూలని బొటనవేలితో నొక్కి చూశాడు. మా నాన్న నొక్కినట్టే.

కారు దగ్గరికి చేరేలోపు ఇలాంటివాళ్లు ఇంకో ఇద్దరు ఆపారు. ఒకామె మొదటి జీతంతో కొన్న స్టీరియో ఇదే అంది. ఒకాయన వాళ్లన్నయ్య దీన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదన్నాడు. దుప్పట్లో ఉన్న మరాంట్జ్ ఏమిటని ఒక్కరూ అడగలేదు. మూడో మనిషి వెళ్లాక మా వాడు ఎండగా ఉందని వంక పెట్టి దుప్పటి పైభాగం కొంచెం తీశాడు. అయినా ఎవరూ అడగలేదు. తిరుగు దారిలో టెరెల్ దాటేదాకా మాట్లాడలేదు.

ఇంట్లో సరాసరి ప్లగ్గులో పెట్టలేదు. గరాజ్‌లో చెక్కముక్కకి హోల్డర్ బిగించిన సిరీస్ బల్బు ఒకటుంది, అమలాపురం మెకానిక్ దగ్గర చూసి నేర్చుకున్నది. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగి ఆగిపోతుంది, సెట్టు కాలదు. నాది ఒక్కసారి మెరిసి మసకబారింది. మంచిదే, కండెన్సర్లు ఛార్జి తీసుకున్నాయి. నాబ్‌లలోకి క్లీనర్ కొట్టి ఒక్కోటి ముప్పైసార్లు తిప్పాను. ఎడమ స్పీకర్ పలికింది. ఓ స్పానిష్ స్టేషన్లో ఎవరో అకార్డియన్ వాయిస్తున్నారు. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, మరాంట్జ్ ఎంత, ఇదెంత అని రెండు ధరలూ విడివిడిగా కనుక్కుని వెళ్లింది. ఆ లెక్క ఆ సాయంత్రమే వాళ్ల తమ్ముడి ఇంటికి చేరింది.

మూత లోపలివైపు ఓ మూల, పెన్సిల్‌తో "6-84 ఫ్యూజ్" అని రాసుంది. ఆవిడ భర్తే రాశాడో, ఇంకెవరో. మా మెకానిక్ కూడా అలాగే ఛాసిస్ మీద తేదీ వేసేవాడు, గ్యారంటీ గొడవలు రాకుండా. నేనూ పెన్సిల్ వెతికి కింద నెలా సంవత్సరం వేసి, "బల్బు, క్లీనింగ్" అని తెలుగులో రాసి బిగించేశాను.

టేపుల డబ్బా గరాజ్‌లోనే ఉంది. వచ్చే నెల కాంటన్‌లో ఎయిట్ ట్రాక్ డెక్ ఏమైనా దొరుకుతుందేమో చూడాలి. మా బావమరిదికి ఇంకా చెప్పలేదు, బండి అద్దె వాడే కడతానంటే అప్పుడు చెప్తాను.