గుమ్మడికి చేత్తో పుప్పొడి అద్ది విత్తనం కట్టడం: నా అనుభవం

గుమ్మడి పాదు పూత పట్టగానే ఆశపడొద్దు, మొదట వచ్చేవి దాదాపు అన్నీ మగపూలే. ఆడపువ్వును మొగ్గలోనే గుర్తుపట్టొచ్చు, అడుగున చిన్న పిందె ఉంటుంది. మగపువ్వుకు ఉండేది సన్నటి పొడవాటి తొడిమ ఒక్కటే. ఆ పిందే అండాశయం. పుప్పొడి అందకపోతే కొద్ది రోజుల్లో పసుపెక్కి రాలిపోతుంది. బలం చాలలేదనుకుని యూరియా వేశారంటే తీగ, ఆకు ఏపుగా పెరుగుతాయి, పిందె మాత్రం నిలవదు.

విత్తనం కోసమైతే పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. తెల్లారితే విచ్చుకునే మొగ్గ కొస అప్పటికే పసుపు తిరిగి ఉంటుంది. ఒక ఆడమొగ్గకు రెండు మగమొగ్గలు ఎంచుకుని, మూడింటి కొసలూ దారంతో కడతాను. కట్టకపోతే నాకంటే ముందే తేనెటీగ వేరే రకం పుప్పొడి తెచ్చి పెడుతుంది. దానివల్ల ఈ కాయ రుచేమీ మారదు, మారేది లోపలి గింజ. ఆ తేడా బయటపడేది మరుసటి పంటలోనే.

పొద్దున్నే మగపువ్వు తెంపి రేకలు ఒలిచేస్తాను. మధ్య కాడను వేలితో తాకితే పసుపు పొడి అంటాలి. ఆడపువ్వు కట్టు విప్పి, కీలాగ్రం (పువ్వు మధ్య పుప్పొడి అందుకునే కొస) మీది మూడు తమ్మెలకూ ఆ పొడి నిండుగా పూస్తాను. తొందరలో ఒక తమ్మె వదిలేస్తే ఆ వైపు గింజలు కావలసిన అండాలు కొన్ని ఫలదీకరణ చెందవు, గింజ పట్టని వైపు కాయ సొట్టబోతుంది. అద్దగానే రేకలు మళ్లీ కట్టి, తొడిమకు గుర్తుగా రంగు దారం వేస్తాను. ఎండ ముదిరేసరికి పువ్వు వాడిపోతుంది, ఆ తర్వాత అద్దినా దండగే. వాన తడిసిన పుప్పొడి నీరు పీల్చి పగిలిపోతుంది కాబట్టి తడి పువ్వు జోలికి పోను.

కీలాగ్రం మీద పడిన పుప్పొడి రేణువు సన్నటి నాళంగా మొలిచి కీలం (కీలాగ్రాన్ని పిందెతో కలిపే కాడ) గుండా కిందికి దిగుతుంది. ఒక్కో గింజకు ఒక్కో నాళం చేరాలి, అందుకే పొడి విషయంలో పిసినారితనం పనికిరాదు. నాళం రెండు పురుషబీజాలను మోసుకెళ్తుంది. ఒకటి అండకణంతో కలిసి పిండమవుతుంది. రెండోది అండం మధ్యలో ఉండే రెండు ధ్రువ కేంద్రకాలతో కలిసి అంకురచ్ఛదమవుతుంది, అంటే పిండానికి ఆహారమయ్యే కణజాలం. ఈ ద్విఫలదీకరణాన్ని 1898లో రష్యన్ వృక్షశాస్త్రవేత్త నవాషిన్ లిల్లీ జాతి మొక్కల్లో కనిపెట్టాడు. గుమ్మడిలో పెరిగే పిండం అంకురచ్ఛదాన్ని తినేస్తుంది. గింజ ఒలిస్తే కనిపించే రెండు తెల్లటి బద్దలు బీజదళాలు, అంటే పిండం తొలి ఆకులు.

ఆ బద్దలు నిండడానికి టైం పడుతుంది. లేతకాయ కోస్తే గింజ తొక్కలా చదునుగా ఉంటుంది. తొడిమ ఎండి, గోరు దిగనంత తోలు గట్టిపడ్డాకే కాయ కోస్తాను. కోసినా వెంటనే పగలగొట్టకుండా మూడు వారాలు నీడలో ఉంచుతాను, లోపల గింజ ఇంకా ముదురుతుంది. కడిగిన గింజలు నీడలోనే పరిచి, వంచితే వంగకుండా టక్కున విరిగేదాకా ఆరబెడతాను.