క్యాన్సర్ తగ్గిన పదకొండేళ్లకు చేతి వాపు: నా అనుభవం

2012లో రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్‌తో నా కుడి రొమ్మును, చంకలోని లింఫ్ గ్రంథులను కూడా తీసేసి, ఆపైన కీమో, రేడియేషన్ ఇచ్చారు. తర్వాత ఐదేళ్లు, క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రోజోల్ మాత్రలు వాడి, ఏటా మామోగ్రామ్ తీయించుకుంటూ, జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పాఠాలు చెబుతూ పదవీ విరమణ దాకా వచ్చాను. 2023 వానాకాలంలో పెరట్లో నిమ్మకాయలు కోస్తుండగా ముల్లు గీరుకుని, తెల్లారేసరికి చెయ్యి ఎర్రబడి చలిజ్వరం వచ్చింది. యాంటీబయాటిక్‌తో జ్వరం, ఎరుపు తగ్గాయి గాని వాపు అలాగే నిలిచిపోయింది. గాజులు ఎక్కలేదు, జాకెట్టు చెయ్యి పట్టలేదు.

చంకలో గ్రంథులు తీసేస్తే ఆ చేతిలోని లింఫ్ ద్రవం పైకి పోయే దారులు తగ్గిపోతాయనీ, ఎన్నో ఏళ్ల తర్వాత కూడా ఒక చిన్న గాయమో ఇన్ఫెక్షనో ఈ వాపును రప్పించగలదనీ, దీన్ని లింఫెడిమా అంటారనీ అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

మా జిల్లాలోనే ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. ఓపీ చీటీ, టోకెన్ తేలికగానే అయ్యాయి. డాక్టరు గారి దగ్గరకు పంపేముందు నర్సింగ్ గదిలో కూర్చోబెట్టారు. తెర కట్టే కడ్డీ ఉంది గాని దానికి తెర లేదు. తలుపు బార్లా తీసి ఉంది. ఎదురుగా వరండాలో బెంచీల మీద మగవాళ్లు కూర్చుని ఉన్నారు. అక్కడి సిస్టర్ నా ఫైలు తెరవకుండానే బీపీ పట్టీని వాచిన చేతికే చుట్టబోయింది. "సిస్టర్, ఆ వైపు గ్రంథులు తీసేశారు, ఎడమ చేతికి చూడండి" అన్నాను. "ఎప్పటి ఆపరేషనో కదండీ, క్యాన్సర్ తగ్గిపోయాక ఇంకా ఈ పట్టింపులేంటి?" అని పట్టీ చుట్టి గాలి ఎక్కించింది. ఆ నొక్కుడుకు నా వేళ్లు జివ్వుమన్నాయి. తర్వాత చెయ్యంతా కనపడాలి, జాకెట్టు తీయమంది. తలుపు వేయమని అడిగితే, "వచ్చేపోయేవాళ్లకు అడ్డమండీ, మీ వయసుకు సిగ్గేంటి?" అంది, బెంచీల దాకా వినపడేటట్టు.

ఒక రొమ్ము లేని ఛాతీని భర్తకు, డాక్టర్లకు తప్ప ఇన్నేళ్లలో ఎవరికీ చూపించని మనిషిని నేను. లేచి వెళ్లి తలుపు నేనే మూసి, గడియ పెట్టి, తరగతిలో మాట్లాడే గొంతుతోనే, "వయసు మీద పడిందని మానం పోదమ్మా, ఇంకెవరినీ ఇలా అడగవద్దు" అన్నాను. ఆమె మారుమాట్లాడలేదు. ఆ మాట అనగలిగినందుకు నేటికీ గర్వపడుతున్నాను, ఎందుకంటే నా వెనక వరుసలో కూర్చున్న పల్లెటూరి ఆడవాళ్లలో ఒక్కరూ అలా అనగలిగే స్థితిలో లేరు. ఇంతా చేసి డాక్టరు గారు బరువు తగ్గమని, మందుల షాపులో దొరికే క్రేప్ బ్యాండేజీ చుట్టుకోమని పంపించేశారు.

ప్రాణం నిలబెట్టడంతో వైద్యం పూర్తయిందనుకోవడమే ఇందులోని అసలు తప్పు. చికిత్స ముగిసిన ప్రతి క్యాన్సర్ రోగికీ ఏయే మందులు వాడారో, ముందుముందు ఏ ఇబ్బందులు రావచ్చో, వేటిని కనిపెట్టి ఉండాలో కాగితం మీద రాసి ఇవ్వాలని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2006లోనే సిఫారసు చేసింది. నా చేతికి వచ్చింది డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే.

మా అమ్మాయి వాకబు చేసి, హైదరాబాదులో లింఫెడిమా వైద్యంలో శిక్షణ పొందిన ఒక నర్సమ్మ దగ్గరకు తీసుకువెళ్లింది. ఆవిడ ముందు తెర వేసింది. బొటనవేలితో నా ముంజేతిని కాసేపు నొక్కి తీస్తే, పడిన గుంట చాలాసేపటికి గాని పూడలేదు. మణికట్టు నుంచి ప్రతి 4 సెంటీమీటర్లకూ పెన్నుతో గీత పెట్టి, టేపుతో రెండు చేతులూ కొలిచి, అంకెలు పక్కపక్కన రాసి, "2 సెంటీమీటర్ల తేడా ఉంటేనే పట్టించుకుంటామమ్మా, మీకు అంతకన్నా ఎక్కువే ఉంది" అని నాకు చూపించింది. వేళ్లకు ఒక్కొక్కదానికీ గాజుగుడ్డ, ఆపైన దూది పొర, దానిపైన ఎక్కువ సాగని బ్యాండేజీ చుట్టింది; అరచేతి దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉంటేనే ద్రవం పైకి నడుస్తుందని, చుట్టుతూ మా అమ్మాయికి నేర్పింది. కొన్ని వారాలు కట్టాక చెయ్యి బాగా తగ్గింది.

స్లీవ్, అంటే చేతిని బిగువుగా పట్టి ఉంచే తొడుగు, మాత్రం తొందరపడి కొనవద్దు. అది తగ్గిన చేతిని తగ్గినట్టు నిలబెట్టడానికే గాని, వాచిన చేతిని తగ్గించడానికి కాదు. కొలతలు ఇచ్చి తీసుకోవాలి, పగలంతా వేసుకోవాలి, సాగిపోతుంది కాబట్టి ఆరు నెలలకోసారి మార్చాలి. చర్మానికి రాసే క్రీము రాత్రి స్లీవ్ తీశాకే రాయాలి. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. నాకు కీమోలో గుండెను దెబ్బతీయగల డాక్సోరూబిసిన్ అనే మందు ఇచ్చారని పాత కాగితాల్లో చూసి గుండెకు ఎకో స్కాన్, ఎముకలను పలచబరచగల లెట్రోజోల్ వాడానని ఎముకల గట్టితనం చూసే డెక్సా స్కాన్ చేయించమన్నది కూడా ఆ నర్సమ్మే. అందుకే పాత కాగితం ఏదీ పారేయకండి.

మొదటి ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి ఆ గదికి తెర కట్టించమని, గ్రంథులు తీసిన చేతికి బీపీ చూడవద్దని గోడమీద రాయించమని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. జవాబు రాలేదు. రెండో ఉత్తరం ఈ వారమే వేస్తున్నాను.