పెస్ట్ అంటే పీడ కాదవ్వా

ఆదివారం, రాత్రి 10 గంటలు

చండూరు దగ్గరి మా చెల్కలో పత్తి రెండో ఏరుడు చేయించి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. ఏడో తరగతి చదివే మా బిడ్డ హోంవర్క్ చేసుకుంటోంది. "తిన్నవా బిడ్డా, జడ ఏసుకున్నవా" అని మా అవ్వ వదలకుండా అడుగుతోంది. అది విసిగిపోయి "యూ ఆర్ ఎ పెస్ట్, నాయనమ్మా!" అంది.

"ఏందిరా అది?" అని అవ్వ నన్నడిగింది.

"పెస్టా? అదే, చీడ, పీడ" అన్నాను. చేను నుంచి వచ్చిన మనిషిని, నోటికి అదే వచ్చింది.

చిక్కుడుకాయలు గిల్లుతున్న అవ్వ చేతులు ఆగిపోయాయి. ఒక్క మాట కూడా అనలేదు.

మా ఇంట్లో చీడ అంటే పత్తికి పట్టే గులాబి పురుగే. పువ్వు రేకులు విచ్చుకోకుండా ముడుచుకుంటే గుడ్డిపూలు అంటాం. అవి కనిపించాయంటే పురుగు అప్పటికే లోపల ఉన్నట్టు. తర్వాత అది కాయలోకి చేరితే కాయ పైకి నిండుగా, పచ్చగానే ఉంటుంది. పగలగొట్టి చూస్తే గింజ తినేసి, దూదికి రంగు పట్టి ఉంటుంది. పైన కొట్టిన మందు లోపలి పురుగుకు తగలదు. అది సోకిన ఏడాది చేనుగట్టు మీద కూర్చుని ఏడ్చింది అవ్వే. ఆ పురుగును పిలిచే మాటే ఇవాళ ఆమెకు చెప్పాను.

సాయంత్రం నిఘంటువు తీశాను. లాటిన్‌లో 'పెస్టిస్' అంటే మహమ్మారి. ఇంగ్లిష్‌లోనూ మొదట ప్లేగు లాంటి రోగాన్నే అలా అనేవారు. తర్వాత పంట తినే పురుగును, అల్లరిపెట్టే పిల్లలను కూడా అంటున్నారు. వాడివాడి ఆ మాట తేలికైంది. మన పీడ తేలిక కాలేదు. ఒక మనిషి గురించి "పీడ విరగడైంది" అంటే, ఆ మనిషి లేకపోవడమే మేలన్నట్టు. బిడ్డ మాటకు సరైన తెలుగు మా ఇంట్లో రోజూ వాడేదే: సతాయించుడు.

"తమ్ముణ్ణి అంటే అను, నాయనమ్మను అనకు" అని బిడ్డకు చెప్పాను.

"మరి ఏమనాలె నాన్నా?"

"జర ఆగు నాయనమ్మా, రాసుకుంటున్న అను."

అన్నాలప్పుడు అవ్వకు చెప్పాను: "పీడ కాదవ్వా, సతాయిస్తున్నవు అన్నది. నేనే తప్పు చెప్పిన."

"అట్లనా" అంది, కంచంలోకే చూస్తూ. నమ్మినట్టు లేదు. పొద్దున బడికి పోయేముందు బిడ్డతోనే చెప్పించాలి.