అమ్మ సంతకానికి ముందు పది రోజులు

అమ్మను అసిస్టెడ్ లివింగ్ కేంద్రంలో, అంటే రోజువారీ పనుల్లో పెద్దవాళ్లకు సాయపడే నివాసంలో, చేర్చాలని నిర్ణయించుకున్నాక గది చూసుకోవడానికి గంట సరిపోయింది గాని, ఒప్పంద పత్రం చదవడానికి పది రోజులు పట్టింది. చేరే రోజునే సంతకాలు పెట్టవచ్చునని కార్యాలయంలో అన్నారు. నేను మాత్రం ఒక ప్రతిని ముందుగానే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

నెలసరి రుసుములో గది, భోజనం, శుభ్రం చేయడం, బట్టలు ఉతకడం ఉన్నాయి. స్నానం చేయించడం, వేళకు మందులు ఇవ్వడం, రాత్రి లేచినప్పుడు తోడు రావడం వంటివాటికి సంరక్షణ స్థాయిని బట్టి విడిగా వసూలు చేస్తారని చివరి అనుబంధంలో ఉంది. ఆ స్థాయిని ఎవరు నిర్ణయిస్తారో, పెంచేముందు ఎన్నాళ్ల గడువిస్తారో ఎక్కడా లేదు. 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలన్న వాక్యాన్ని అడిగి చేర్పించాను.

నన్ను నిజంగా భయపెట్టింది నా సంతకం కోసం ఉంచిన గీత. దాని కింద ‘బాధ్యత వహించే వ్యక్తి’ అని ఉంది. అత్యవసరమైతే ఫోన్ చేయడానికేనని అక్కడివారు చెప్పారు. అయితే నిర్వచనాల పేజీ ప్రకారం అమ్మ చెల్లించలేని బకాయిలన్నిటికీ నేను సొంతంగా హామీదారునవుతాను. న్యాయవాది సలహాపై ఆ మాటలు కొట్టివేసి, ‘అమ్మ ప్రతినిధిగా, ఆమె సొమ్ము మేరకు మాత్రమే’ అని రాయించి, పక్కన ఇరువైపులవారం పొడి సంతకాలు చేశాము. వివాదాలు కోర్టుకు వెళ్లకుండా మధ్యవర్తికే అప్పగించాలన్న పత్రం ఐచ్ఛికమని తెలిసి, దానిపై సంతకం చేయలేదు.

నివాసి అవసరాలు కేంద్రం శక్తికి మించితే ఖాళీ చేయించవచ్చునన్న నిబంధనను తొలగించడానికి వారు ఒప్పుకోలేదు. మతిమరుపు ముదిరినా, మంచం నుంచి లేపడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చినా అది వర్తిస్తుందని విన్నప్పుడు నా మనసు చివుక్కుమంది. వైద్యుని అభిప్రాయం తీసుకోవాలని, మరోచోటు వెతుక్కునేవరకు గడువివ్వాలని మాత్రం రాయించుకోగలిగాము.

సంతకం తనదే గనుక అమ్మకు ప్రతి పేజీ చదివి వినిపించాను. అంతా విని, “నేను ఆసుపత్రిలో పడితే నా గది వేరేవాళ్లకి ఇచ్చేస్తారా?” అని అడిగింది. ఆ సంగతి నాకు తట్టనేలేదు. పత్రంలోనూ లేదు. రుసుము కడుతున్నంతకాలం గది ఆమెదేనని చేర్పించి తెచ్చాను. ఆ వాక్యాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, కళ్లద్దాలు సర్దుకుని, అమ్మ సంతకం చేసింది.